అడిగేవాళ్ళు ముందు, ఇచ్చేవాళ్ళు వెనక

కదులుతోంది, అమ్మయ్యా, కదులుతోంది. తెర మీద అక్షరాల వరసలు ఒకదాని వెనక ఒకటి పైకి పాకిపోతున్నాయి, ఒక్కటీ ఎర్రగా లేదు, ఎర్రగా రాకూడదు, వస్తే కొంప మునిగినట్టే, కాని రాదు, ఇవాళ రాదు, రాదని ఎందుకో ఒళ్ళంతటికీ తెలిసిపోతోంది. పిచ్చుక స్టూలు అంచు మీద కూచుని మోకాళ్ళు ఊపుతూ ల్యాప్‌టాప్‌ని కళ్ళతోనే ముందుకు తోస్తోంది. పిచ్చుకంటే రెక్కలున్న పిచ్చుక కాదులెండి. ప్రోగ్రాములు కట్టే ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న నిండు మనిషి. నిద్రలో తప్ప నోరు మూతపడదని చిన్నప్పుడు వదిన పెట్టిన పేరది, అన్నయ్య కూడా అదే పిలిచి పిలిచి అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేకుండా చేశాడు. ఇప్పుడామె కూచున్నది ఈతకొలను పక్కనున్న సామాన్ల గదిలో. ఒక మూల ఈత పలకలు గుట్టగా పడున్నాయి, ఇంకో మూల ఎప్పటికీ ఎండని తువ్వాళ్ళు, మేకుకి వేలాడుతున్న నీటి కళ్ళద్దాల గుత్తి, గదంతా క్లోరిన్ వాసన. మిగతా వాళ్ళకి ముక్కు మండించే ఆ వాసన ఆమెకి మాత్రం ఇల్లు చేరినట్టు ఉంటుంది, వదిన జడ పక్కన కూచుంటే ఎప్పుడూ అదే వాసన. అద్దం కిటికీ అవతల నీళ్ళు, నీళ్ళ మీద పిల్లల తలలు, గట్టు మీద వదిన. మెడకి తెల్లటి గుడ్డ కట్టుకుని, చేతులు గాలిలో తిప్పుతూ, కాళ్ళు ఎలా కొట్టాలో చూపిస్తోంది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. నీళ్ళలో ఈదుతున్నవాడు గట్టు మీది చేతుల్ని ఎలా చూస్తాడు?

అదే గదా అసలు గొడవ. సాయంత్రం ఐదింటికి మేనేజరు వస్తాడు. వదిన మెడలో వేసుకునే చిన్న మాటల పెట్టె మాట్లాడితే వదిన రేపటి నుంచి కూడా ఈ గట్టు మీదే ఉంటుంది, మాట్లాడకపోతే గేటు దగ్గర టికెట్ల కిటికీలో కూచుంటుంది. అంతే సంగతి, ఇందులో దాపరికం ఏమీ లేదు. మేనేజరు చెడ్డవాడూ కాదు, చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుగా ఉండేది. "మేడం, నాకూ బాధగానే ఉంది. కాని నీళ్ళలో ఉన్న పిల్లని గట్టు మీంచి పిలవలేని మనిషిని కోచ్‌గా ఎలా ఉంచమంటారు? రేపు ఎవరికైనా ఏదైనా అయితే?" అని అడిగాడు, తప్పేమిటి అందులో? విజిల్ ఊదొచ్చుగా అంటారేమో, విజిల్ కాపలా కుర్రాడిది, అది మోగిందంటే అందరూ నీళ్ళలోంచి బయటికి వచ్చెయ్యాలి, కొలను నియమం అది. కోచ్‌కి కావాల్సింది ఒక్క పిల్లని పిలవడం, ఫలానా తిమింగలాన్ని, ఫలానా బాతుని, వదిన పిల్లలకి పెట్టుకున్న పేర్లివి, ఆ పేరు పెట్టి, గోలలోంచి, నీళ్ళలోంచి, చెవిలో పడేలా. వదిన గొంతు అలాగే పడేది మరి! ఆ చివర నించుని ఈ చివర ఉన్న పిల్లకి "మోకాళ్ళు!" అని ఒక్క అరుపు అరిస్తే వీధిలో పోయేవాళ్ళు కూడా తమ మోకాళ్ళు చూసుకునేవాళ్ళు. ఆ గొంతులో ఏదో కురుపు, దాని పేరు ఇంట్లో ఎవరూ పలకరు, ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు, వదిన బతికింది. బతికింది, అదే చాలు అనుకున్నారు అందరూ, వదిన తప్ప. మెడ కింద ఊపిరి కోసం ఒక రంధ్రం మిగిలింది, అందులోకి నీళ్ళు పోతే ప్రాణానికే ముప్పు, అందుకని ఈత నేర్పే మనిషి ఇక నీళ్ళలోకే దిగకూడదు. నీళ్ళలోకి దిగలేదు, నీళ్ళ మీంచి అరవలేదు. ఆసుపత్రివాళ్ళు గొంతుకి ఆనించుకునే బుల్లి యంత్రం ఒకటిచ్చారు, తుమ్మెదలా ఝుమ్మంటుంది, వంటింట్లో పనికొస్తుంది, కొలను గోలలో దాని ఝుంకారం దానికే వినపడదు.

అప్పుడు పిచ్చుకకి పట్టింది ఈ పిచ్చి. వదిన గొంతుని మళ్ళీ కట్టేస్తాను, అంది. కట్టడం అంటే ఏమనుకున్నారు, ఈత పోటీల్లో పిల్లల అమ్మానాన్నలు తీసిన వీడియోలున్నాయిగా, వాటన్నిట్లో వెనకాల వదినే, ఎవరి పిల్ల ఈదుతున్నా అరుపు మాత్రం వదినదే. ఒక్కొక్క వీడియో అడిగి తెచ్చుకుని, నీళ్ళ చప్పుడు వడగట్టి, చప్పట్లు వడగట్టి, మిగిలిన ముక్కల్ని ఒక గొంతుగా పేర్చింది. వేళ్ళతో మాట కొడితే పెట్టె ఆ మాటని వదిన గొంతుతో పలుకుతుంది. ఒక్కటే చిక్కు, దొరికినవన్నీ అరుపులు కాబట్టి గొంతుకి అరవడం తప్ప ఇంకేం రాదు. మొదటిసారి ల్యాప్‌టాప్‌లో పలికించినప్పుడు వదిన భోజనాల బల్ల దగ్గర "ఉప్పు ఇలా ఇవ్వు" అని కొట్టింది, అది "ఉప్పు! ఇలా! ఇవ్వు!" అని రంకె వేసేసరికి అన్నయ్య ఉప్పుతో పాటు పచ్చడి, నీళ్ళ గ్లాసు, తన కంచం కూడా జరిపేశాడు. ఎంత నవ్వారో ఆ రోజు! వదిన నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు ఊగుతాయి, కళ్ళలోంచి నీళ్ళు కారతాయి, అదే నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ తన గొంతుని తనే పిలిపించుకుంది. ఆ రాత్రంతా పిచ్చుకకి నిద్ర పట్టనే లేదు, సంతోషానికి.

తర్వాత పోయిన వారం. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ల్యాప్‌టాప్‌లో అంత బాగా అరిచిన ప్రోగ్రాముని వదిన మెడలో వేసుకునే చిన్న పెట్టెలోకి ఎక్కించి, గొప్పగా మేనేజరుని పిలిచి, పిల్లలందర్నీ గట్టు మీద వరసగా కూచోబెట్టి, "కొట్టు వదినా" అంది. వదిన "అందరూ నీళ్ళలోకి" అని కొట్టింది. పెట్టె కప్పలా బెకబెకమంది. నిజంగా కప్పే, బురదలో కూచున్న ముసలి కప్ప. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు, ఆపాలని చూసి ఇంకా నవ్వారు. పిచ్చుక "మా ఇంట్లో పలికింది, నిజంగా పలికింది" అని నీళ్ళు నమిలింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ జీవితంలో ఒక్కసారైనా అనే మాటే అది, అన్నందుకు నవ్వులపాలయ్యే మాట. వదిన కూడా నవ్వింది, భుజాలు ఊపుతూ. మేనేజరు నవ్వలేదు, "ఇంకో వారం చూద్దాం" అన్నాడు. ఇంటికెళ్ళాక వదిన మెడలోంచి పెట్టె తీసి అలమరలో పెట్టి, తలుపు నెమ్మదిగా మూసింది. కోపంగా మూసినా బాగుండేది.

ఎందుకు కప్పయింది? వారమంతా అదే. తింటూ అదే, స్నానం చేస్తూ అదే, ఆఫీసులో ఎవరో ఏదో అడిగితే "కప్పండీ" అని జవాబు చెప్పిందట, వాళ్ళు ఇప్పటికీ ఏడిపిస్తున్నారు. రాసిందంతా మళ్ళీ చదివింది, తప్పు లేదు. వడగట్టిన ముక్కలు మళ్ళీ విన్నది, తప్పు లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఇవాళ మధ్యాహ్నం, ఇంకేమీ తోచక, ఖాళీ గదిలో కట్టి చూద్దాం అనుకుంది. ఖాళీ గదంటే ల్యాప్‌టాప్‌లోనే ఒక మూల, కొత్త ఇల్లులా ఏ సామానూ లేకుండా, అక్కడ ప్రోగ్రాము తనకి కావాల్సిందంతా పేరు పెట్టి అడిగి తెచ్చుకోవాలి, అలవాటుగా చెయ్యి చాపితే ఏదీ దొరకదు. కట్టమంది. కట్టనంది. ఎర్రగా ఒక వరస, శబ్దం లైబ్రరీ ఎక్కడుందో నాకు తెలీదు, అని. ఇంకొకరైతే ఆ ఎర్ర వరస చూసి తల పట్టుకుందురు, పిచ్చుక లేచి గదిలో గంతులేసింది. దొరికింది! దొంగ దొరికింది! దొంగ ఎవరో కాదు తనే!

సంగతేమిటంటే, ఏ ప్రోగ్రామూ అన్నీ తనే రాసుకోదు. ఎవరో ఎక్కడో ముందే రాసి పెట్టిన పనిముట్ల మూటలుంటాయి, వాటినే లైబ్రరీలంటారు, గొంతు పేర్చడానికి ఒక మూట, శబ్దం బయటికి పంపడానికి ఇంకో మూట, ఆ మూటకి మళ్ళీ ఇంకో మూట కావాలి, ఇంటికి ఒక చుట్టం వస్తే ఆయన వెనక నలుగురు వచ్చినట్టు. పిచ్చుక ఎప్పుడో, గొంతు పని మొదలుపెట్టిన కొత్తలో, శబ్దం లైబ్రరీ కొత్త వెర్షన్ ఒకటి చేత్తో తెచ్చి ల్యాప్‌టాప్‌లో ఒక మూల పడేసింది. తర్వాత మర్చేపోయింది, శుభ్రంగా మర్చేపోయింది. ప్రోగ్రాము మాత్రం నడిచినప్పుడల్లా ఆ మూలకెళ్ళి దాన్నే వాడుకుంటోంది, ఎవరికీ చెప్పకుండా. పెట్టెలో ఉన్నది పాత వెర్షన్. పని పేరు రెండిట్లోనూ ఒక్కటే, కాని పాతది ముందు వేగం అడిగి తర్వాత స్వరం ఎత్తు అడుగుతుంది, కొత్తది ముందు ఎత్తు అడిగి తర్వాత వేగం. ప్రోగ్రాము పాపం కొత్తదనుకుని ఎత్తు ఇచ్చింది, పాతది దాన్ని వేగమనుకుంది. వదిన కాస్తా కప్పయింది. ఇంత చిన్న సంగతా! ఇంత చిన్న సంగతికి వదిన వారం రోజులు అలమర వంక చూడకుండా గదిలో తిరిగిందా! పిచ్చుకకి తన మీద తనకే ఒళ్ళు మండింది, ఆ మంట ఆరకముందే మళ్ళీ సంతోషం పొంగింది, ఎందుకంటే తెలిసిన తప్పుని దిద్దుకోవచ్చు. ఇక దారిలో ఏదో దొరుకుతుందిలే అనే బేరం లేదు. ప్రతి లైబ్రరీకీ ఫలానా వెర్షనే కావాలని మేకు కొట్టినట్టు రాసింది, శబ్దం లైబ్రరీని ప్రోగ్రాము కడుపులోనే పెట్టుకుని పొమ్మంది, పెట్టెలో ఏమున్నా ఏం లేకపోయినా మనకి అనవసరం. అన్నీ మొదట్నించీ పెట్టె కోసం కొత్తగా కట్టాలి కాబట్టి గంట పడుతుంది. ఆ గంటే ఇది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, అలమరలోంచి పెట్టె తీసి సంచిలో వేసుకుని, ఆటో కూడా ఆపకుండా పరిగెత్తుకొచ్చి ఈ గదిలో పడింది.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. చెప్పులు చప్పచప్పలాడుతున్నాయి, చేతిలో పలక, తడిసినా కరగని, గట్టిగా తుడిస్తేనే పోయే రంగు పెన్ను. "అయ్యిందా?" అని రాసి చూపించింది.

"అవుతోంది వదినా, ఇదిగో చూడు, ఇవన్నీ అయిపోయాయి, ఇంకా చివర్లో లింకు ఒక్కటి ఉంది, అంటే ఏంటంటే, ప్రోగ్రాములో ఫలానా పని చేసేవాడు ఎక్కడా అని అడిగే పేర్లు కొన్నుంటాయి, లైబ్రరీల్లో నేనున్నానూ అనేవాళ్ళుంటారు, ఇద్దరికీ ముడిపెట్టేవాడు లింకర్ అన్నమాట, మా ఆఫీసులో వాడికి పెళ్ళిళ్ళ పేరయ్య అని పేరు..."

వదిన చెయ్యెత్తి ఆపింది. "నువ్వు అర్థమయ్యేలా చెప్పాలని చూసినప్పుడే నాకు అస్సలు అర్థం కాదు" అని రాసింది. తర్వాత అది చెరిపి, మళ్ళీ రాసింది. "పలక్కపోయినా ఏం కాదే పిచ్చుకా. టికెట్లు చింపడం కూడా పనే."

పిచ్చుకకి కోపం నషాళానికంటింది. "నోరు ముయ్యి వదినా!" అంది.

అనేశాక తెలిసింది ఏమన్నదో. నాలుక్కరుచుకుంది. వదిన కళ్ళు పెద్దవయ్యాయి, పలక వైపు చూసుకుంది, తన మెడ గుడ్డ వైపు చూపించింది, ఇంకా ఎంత ముయ్యమంటావే అన్నట్టు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఈత పలకల గుట్ట మీద కూలబడి, ఒకరు చప్పుడుతో, ఒకరు చప్పుడు లేకుండా, పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా. అవతల నీళ్ళలోంచి ఎవరో పిల్ల కేక వేస్తే వదిన లేచి, పిచ్చుక నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, మళ్ళీ గట్టు మీదికి పోయింది.

ఆ మొట్టికాయ పడినచోట ఇంకా చుర్రుమంటోంది. ఈ మధ్య వదిన మొట్టికాయలు కూడా తగ్గించింది, అందరూ తనతో మెత్తగా ఉంటున్నారని తనూ అందరితో మెత్తగా ఉండటం మొదలెట్టింది. పిల్లలైతే మరీ, పలక చూపిస్తే తలలూపుతారు, "సరే టీచర్, అలాగే టీచర్" అంటారు, ఒక్కరంటే ఒక్కరు ఎదురు చెప్పరు. ఇదివరకు ఒక్కొక్కరూ ఎంతెంత వాదులాడేవాళ్ళని, "నేను కొట్టాను టీచర్, మీరు చూళ్ళేదు" అని నీళ్ళలోంచి తల ఎత్తి మరీ. "జబ్బు మనిషిని చూసినట్టు చూస్తున్నారు" అని ఒకరోజు పలక మీద రాసి, రాసినంత వేగంగానూ చెరిపేసింది వదిన. నీళ్ళ కంటే, గొంతు కంటే, వదినకి కావాల్సింది ఆ వాదులాటేనేమో. అది పెట్టెలో ఎక్కించడం ఎలా? దాన్ని ఏ లైబ్రరీ ఇస్తుంది?

లింకు మొదలైంది. పిచ్చుక లేచి నించుంది, కూచుంది, మళ్ళీ నించుంది. రా పేరయ్యా, రా నాయనా, ముడి వెయ్యి. ఒక వరస, ఇంకో వరస, ఇంకో...

ఎరుపు.

వద్దు. వద్దొద్దు. కళ్ళు మూసి తెరిచింది, అక్కడే ఉంది. స్వరం ఎత్తు మార్చే పనివాడు ఎక్కడా దొరకలేదు, అట. దొరక్కపోవడమేమిటి, శబ్దం లైబ్రరీలో ఉన్నాడు, ఇప్పుడే కట్టింది, చేత్తో కట్టింది, తలుపు తీసి చూస్తే ఎదురుగా నించుని ఉంటాడు! గోడ గడియారం వంక చూడకూడదనుకుంటూ చూసింది, కిటికీలోంచి గేటు వైపు చూసింది, మేనేజరు స్కూటరు ఇంకా రాలేదు. మళ్ళీ మొదట్నించీ కట్టే టైము లేదు, లేనే లేదు. ఊపిరి పీల్చుకో. ఉన్నవాణ్ణి లేడంటున్నాడంటే పేరయ్య చూళ్ళేదన్నమాట. ఎందుకు చూళ్ళేదు? పేరయ్య ఎడమ నుంచి కుడికి ఒక్కసారే నడుస్తాడు, వెనక్కి తిరగడు. ఎవరింటికెళ్ళినా తన చేతిలో అప్పటికే ఎవరో అడిగిన పేరు ఉంటేనే ఆ ఇంట్లోంచి మనిషిని పిలుచుకుంటాడు, ఎవరూ అడగని మనిషిని వదిలేసి ముందుకు పోతాడు. తను రాసిన వరసలో శబ్దం ముందుంది, గొంతు తర్వాత ఉంది. శబ్దం దగ్గరికి వెళ్ళేసరికి ఎవరూ దాన్ని అడగలేదు, పోయాడు. గొంతు దగ్గరికి వచ్చాక గొంతు అడిగింది, అయ్యా నాకు ఎత్తు మార్చేవాడు కావాలీ అని. అప్పటికి దాటిపోయాడు. అడిగేవాళ్ళు ముందుండాలి, ఇచ్చేవాళ్ళు వెనకుండాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకునే పాఠం, సంతోషం తలకెక్కి తిరగేసి రాసింది!

అడిగేవాళ్ళు ముందు. చెయ్యి వరస మారుస్తోంది, మనసు ఎక్కడికో పోయింది, నాన్నకి ఊరూరూ బదిలీలవుతుంటే హైస్కూలుకని అన్నయ్య ఇంట్లో దింపి వెళ్ళిన రోజులకి. కొత్తగా కాపురానికొచ్చిన వదిన, ఏమడక్కుండానే అన్నీ ఇచ్చేది, జడ వేస్తానంది, పాఠం చెప్తానంది, ఈత నేర్పుతాను రా అంది, పరీక్షలప్పుడు బల్ల మీద పాలగ్లాసు పెట్టిపోయేది. "నేనడిగానా?" అని తలుపేసుకునేది పిచ్చుక, అప్పటికింకా పిచ్చుక కాదు, మూతి ముడుచుకున్న పిల్ల. అమ్మ మీద బెంగని వదిన మీద కోపం చేసుకుంది, అంతే, వేరే ఏం లేదు. వదిన ఇవ్వడం మానేసి, దూరంగా నించుంది, అలిగి కాదు, చోటు వదిలి. ఎన్ని నెలలు గడిచాయో, ఒక ఎండ మధ్యాహ్నం, బళ్ళో పిల్లలందరూ కొలనుకెళ్ళి తనొక్కతీ గట్టున కూచుని వచ్చిన మధ్యాహ్నం, ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నించుని గోడకి గోరుతో గీతలు గీస్తూ "వదినా, నాకు ఈత నేర్పుతావా" అంది. అంతసేపు కూడబలుక్కున్న మాట. వదిన ఎందుకే అనలేదు, ఇప్పుడు గుర్తొచ్చానా అనలేదు, చెయ్యి తుడుచుకుంటూ "తువ్వాలు తెచ్చుకో" అంది. ఆ సాయంత్రమే నీళ్ళలో, పొట్ట కింద వదిన చెయ్యి, చెవి పక్కన వదిన అరుపు, "కొట్టు! కాళ్ళు కొట్టు! నేనున్నాను, కొట్టు!" అబ్బ, ఆ గొంతు. ఆ గొంతు లేకపోతే పిచ్చుకకి నోరే వచ్చేది కాదు. అంత ప్రేమ వదినంటే, అంతే, దాన్ని వేరేగా ఎలా చెప్పాలో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు, తెలియకే ఇన్ని రోజులుగా పెట్టెలో దాన్ని కడుతోంది.

మార్చింది. గొంతు ముందు, శబ్దం వెనక. చివరి మెట్టు ఒక్కటే మళ్ళీ నడవమంది. పేరయ్య నడిచాడు, నడిచాడు, ఇదిగో గొంతు ఇల్లు, అడిగింది, ఇదిగో శబ్దం ఇల్లు, దొరికాడు, ముడి పడింది. తెల్లగా. తెర మీద అంతా తెల్లగా, అయిపోయింది, అని ఒక్క ముక్క. పిచ్చుక "హమ్మయ్యా!" అని అరిచిన అరుపుకి కాపలా కుర్రాడు కిటికీలోంచి తొంగి చూశాడు. వైరు, వైరేదీ, తువ్వాళ్ళ కింద, ఆ, దొరికింది, పెట్టెకి గుచ్చింది, ఎక్కుతోంది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర స్కూటరు ఆగింది. ఒక్కసారైనా పలికించి చూసుకోవాలి, ఒక్క మాటైనా, కాని మేనేజరు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చేస్తున్నాడు, వదిన చెయ్యి చాపింది, ఇచ్చెయ్యక తప్పదు. "చూసుకోలేదు వదినా, పలుకుతుందో లేదో చూసుకోలేదు" అని గుసగుసలాడింది. వదిన పెట్టె మెడలో వేసుకుని ఆమె వైపు ఒక్కసారి చూసి, గట్టు మీదికి నడిచింది. పిచ్చుక వెనకాలే వెళ్ళి స్తంభానికి చేరబడింది.

"నమస్తే మేడం. ఏమంటోంది మీ పెట్టె?" అన్నాడు మేనేజరు, పెద్దగా ఆశ పెట్టుకోనివాడి మర్యాదతో. వదిన జవాబు కొట్టబోయింది. కొట్టలేదు. ఆమె కళ్ళు అతన్ని దాటి నీళ్ళ మీదికి పోయాయి. చివరి వరసలో తిమింగలం వెల్లకిలా ఈదుతోంది, పేరుకి తిమింగలమే కాని చేతికర్రంత పిల్ల, కళ్ళు పైకప్పు మీద, చేతులు చక్రాల్లా, ఎన్నడూ లేనంత వేగంగా. వెల్లకిలా ఈదేవాళ్ళకి గోడ దగ్గరకొచ్చిందని తెలియడానికి పైన కట్టే జెండాల తాడు ఇవాళ లేదు, తెగిందని పొద్దున విప్పి గట్టున చుట్టి పడేశారు. పిల్లకి తెలీదు. తల ముందుగా గోడకి పోతోంది. వదిన పరుగు తీయలేదు, దిగలేదు, దిగకూడదు. వదిన వేళ్ళు కదిలాయి.

"గోడ!"

కొలను మొత్తం ఉలిక్కిపడింది. వదిన గొంతు. ఇంకెవరిదీ కాదు, కప్పదీ కాదు, తుమ్మెదదీ కాదు, పైకప్పు రేకుల్ని తగిలి నీళ్ళ మీద పడి లేచిన వదిన గొంతు. తిమింగలం చెయ్యి దానంతటదే వెనక్కి చాచుకుంది, వేళ్ళు గోడకి ఆనాయి, తల ఆగింది. వరసల్లో ఒక్కొక్క తలా నీళ్ళలోంచి లేచి గట్టు వైపు తిరిగింది. పిచ్చుక రెండు చేతులతోనూ నోరు మూసుకుంది, కళ్ళలోంచి ధారలు, తుడుచుకోవాలని కూడా తోచలేదు. మేనేజరు చంకలోంచి హెల్మెట్ జారి దొర్లిపోయింది.

తిమింగలం గోడ పట్టుకుని, నీటి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ముక్కు చీది, ఎవరు అరిచారో ఎలా అరిచారో ఆలోచించకుండానే, మూతి ముడిచింది.

"చూసుకుంటున్నాగా టీచర్! ఊరికే అరుస్తారేంటి!"

వదిన ముఖం అలా వెలగడం పిచ్చుక ఏడాదిగా చూడలేదు. పెట్టె మీద వేళ్ళు ఆత్రంగా పడ్డాయి, ఒకసారి తప్పు పడి మళ్ళీ పడ్డాయి.

"ఏం చూశావ్! పైకప్పు చూశావ్! మళ్ళీ వెళ్ళు!"

"ఇప్పుడేగా వచ్చాను!"

"వెళ్ళు!"

తిమింగలం గొణుక్కుంటూ గోడని కాళ్ళతో తన్ని వెళ్ళింది. మేనేజరు హెల్మెట్ తీసుకుని, నీళ్ళు దులిపి, జెండాల తాడు కట్టించడానికి మనిషిని పిలుస్తూ ఆఫీసు గది వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "మేడం, రేపటి నుంచి దాని వాల్యూము కాస్త తగ్గించుకోండి, లోపల నేను ఫోన్లు మాట్లాడాలి" అన్నాడు.

వదినకి ఆ మాట వినపడనే లేదు. రెండో వరసలో బాతు మోకాళ్ళు వంచుతున్నాడు.